రాత్రి ఏడింటికి 90.4: మాచనూరు సంఘం రేడియోతో నాలుగేళ్లు

జహీరాబాద్‌కి దగ్గర్లో ఒక పల్లెటూరి బ్యాంకు బ్రాంచిలో 2010 నుంచి 2014 దాకా పనిచేశాను. పంట రుణాలు చూసే ఉద్యోగం. మాది గుంటూరు వైపు. పిల్లల చదువుల కోసం ఇంట్లోవాళ్లని అక్కడే ఉంచి, ఇక్కడ ఒక అవ్వ ఇంట్లో ముందు గది అద్దెకి తీసుకున్నాను. సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చాక పెద్దగా పనేమీ ఉండేది కాదు. ఆ ఖాళీలో చెవిన పడింది మాచనూరు అనే పల్లె నుంచి వచ్చే సంఘం రేడియో. ఆ తర్వాత బదిలీల మీద చాలా ఊళ్లు తిరిగాను, రకరకాల స్టేషన్లు విన్నాను. ఇంత మనసుపెట్టి విన్నది మాత్రం మరొకటి లేదు.

మొదట విన్నది అవ్వ సెట్టులో. వాకిట్లో వేపచెట్టుకి మేకు కొట్టి ఒక చిన్న రేడియో తగిలించి ఉండేది. దాని యాంటెన్నా సగానికి విరిగిపోతే, మిగిలిన మొండికి రాగితీగ చుట్టి, ఆ తీగని బట్టలారేసే దండెం దాకా లాగింది. తడిబట్టలు ఆరేసిన రోజు ఒక రకంగా, దండెం ఖాళీగా ఉన్న రోజు ఇంకో రకంగా పలికేది. ఏడయ్యేసరికి అన్నం పొయ్యి మీద పెట్టి, కూరగాయలు ముందేసుకుని చెట్టు కింద కూర్చునేది. పక్కింటి కోడళ్లు ఇద్దరు చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లు. నేను గడప మీద కూర్చునేవాణ్ణి. నేను విన్న రోజుల్లో ప్రసారం రాత్రి 7 నుంచి 9 దాకా. ఎఫ్ఎంలో 90.4.

పేరు వినగానే ఝరాసంగం గుర్తొచ్చింది. మాచనూరు ఆ మండలంలోదే, అక్కడ కేతకీ సంగమేశ్వరస్వామి గుడి ఉంది కదా, ఆ పేరే పెట్టుకున్నారేమో అనుకున్నాను. అవ్వ సరిదిద్దింది. ఊరూరా ఆడవాళ్ల సంఘాలున్నాయి, ఈ రేడియో వాళ్లది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని, పస్తాపూర్‌లో ఉండే సంస్థ, ఎక్కువగా దళిత మహిళలతో కట్టిన సంఘాలు అవి. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి.సతీష్ ఆ సంస్థని చాలా ఏళ్లు నడిపించారు. ఆయన 2023 మార్చిలో పోయారు. రేడియో స్టేషన్ నడిపే బాధ్యత మాత్రం మొదటి నుంచీ ఆ పల్లెల ఆడవాళ్లదే. ముందు నిలబడి నడిపిన ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు ఆల్గోల్ నర్సమ్మ. ఆల్గోల్ ఊరి పేరు. మైకు ముందు మాట్లాడేదీ, రికార్డింగు చేసేదీ, ఎడిటింగు చేసేదీ అంతా వాళ్లే.

దీని వెనక కథ తెలిశాక నాకు గౌరవం ఇంకా పెరిగింది. 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో స్టూడియో వచ్చింది. కార్యక్రమాలు తయారు చేయడం నేర్చుకున్నారు. కానీ గాల్లోకి వదలడానికి లైసెన్సు లేదు. మన దేశంలో 2002 చివర్లో విద్యాసంస్థలకి మాత్రమే కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల జనం కోసం నడిచే చిన్న స్టేషన్, పెట్టుకోవచ్చన్నారు. స్వచ్ఛంద సంస్థలకి ఆ అవకాశం 2006లో గానీ రాలేదు. ఆ మధ్య కాలమంతా ఈ ఆడవాళ్లు రికార్డు చేసిన క్యాసెట్లు పట్టుకుని సంఘం మీటింగులకి వెళ్లి, టేప్ రికార్డర్లో వేసి వినిపించారు. దాదాపు పదేళ్లు! ఎప్పుడు వస్తుందో తెలియని లైసెన్సు కోసం ఎదురుచూస్తూ, పని మాత్రం ఆపకుండా. 2008 అక్టోబర్ 15న, గ్రామీణ మహిళల దినోత్సవం నాడు, ప్రసారం మొదలైంది. ప్రారంభించింది జస్టిస్ పి.బి.సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఆయన ఉన్నారు. తీర్పు రాసిన మనిషి పదమూడేళ్ల తర్వాత ఒక పల్లెటూరికి వచ్చి, ఆ తీర్పు ఎవరికి చేరాలో వాళ్ల చేతిలో పెట్టాడన్న మాట. ఈ సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక రేడియో సంగతి. ఆ రెండు గంటల్లో ఏముంటుంది అని అడిగితే, పంటలు, విత్తనాలు, పశువులు, పసరు మందులు, పిల్లల పెంపకం, పండగలు, బతుకమ్మ పాటలు, నాటికలు అని చెప్పొచ్చు. అలా చెబితే ఆకాశవాణిలో చిన్నప్పుడు విన్న వ్యవసాయ కార్యక్రమంలాగే ఉంటుంది. తేడా మాట్లాడే తీరులో ఉంది. ఆకాశవాణిలో అధికారి చెప్తాడు, రైతు వింటాడు. ఇక్కడ మైకులో మాట్లాడే మనిషికీ చెట్టు కింద కూర్చుని వినే మనిషికీ ఒకే రకం చెలక (మెట్ట పొలం), ఒకే రకం వాన. అందుకని వినేవాళ్లు ఊరుకోరు, ఎదురు మాట్లాడతారు.

ఒక సాయంత్రం విత్తనం దాచడం గురించి వచ్చింది. బుట్ట లోపల పేడా మట్టీ కలిపి అలకడం, ఎండాక గింజలు పోయడం, బూడిదా వేపాకూ కలపడం, పైన మళ్లీ మట్టితో మూతి మెత్తేయడం, ఒక ముసలామె వరసగా చెప్పుకుంటూ పోతోంది. తొందరేమీ లేదు. మధ్యలో ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది, ఎక్కడో కోడి అరుస్తోంది. మా అవ్వ చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని వింటోంది. ఉన్నట్టుండి రేడియో వైపు తిరిగి గట్టిగా అంది: "ఎండినంక సల్లారవెట్టాలె గద? గా మాట జెప్పవేందే?" నాకు అర్థం కాలేదని కోడళ్లలో ఒకామె విడమర్చి చెప్పింది. ఎండలో ఆరబోసిన గింజ వేడిగా ఉన్నప్పుడే బుట్టలో పోస్తే లోపల చెమ్మ పట్టి పురుగు పడుతుంది. రాత్రంతా చల్లారనిచ్చి, తెల్లవారి పోయాలి. రెండు నిమిషాల తర్వాత రేడియోలో ముసలామె కూడా అదే చెప్పింది. అవ్వ "ఆఁ" అని తలూపి, మళ్లీ చిక్కుడుకాయలు తుంచడంలో పడింది. ఆ "ఆఁ" అన్నప్పటి మొహం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. పరీక్ష పెట్టి పాస్ చేసినట్టు.

నా ఉద్యోగానికి ఈ రేడియో చేసిన మేలు వేరే ఉంది. మా దరఖాస్తు ఫారంలో పంట పేరుకి ఒకటే గడి. చెరుకు, అల్లం, పత్తి, ఆలుగడ్డ, ఏదో ఒకటి రాయాలి. దాన్ని బట్టి ఎకరానికి ఎంత ఇవ్వొచ్చో లెక్క. వచ్చిన కొత్తలో ఒక రైతమ్మ పహాణీ కాగితం తెచ్చి, ఏం వేస్తావమ్మా అంటే జొన్న, కంది, పెసర, కొర్ర, సజ్జ, అనుములు, నువ్వులు అని చదువుతూ పోయింది. ఎన్ని చెలకలమ్మా అంటే ఒకటే అంది. నేను నమ్మలేదు. జొన్న అని రాసి పంపేశాను. ఆ తర్వాత కొన్నాళ్లకి రేడియోలో కలిపి విత్తడం గురించి విన్నాను. ఏ సాలు పక్కన ఏ సాలు వేస్తారు, వాన ముందు పోతే ఏది నిలబడుతుంది, వెనక పోతే ఏది నిలబడుతుంది, ఇంట్లోకి ఏది, పశువుకి ఏది, నేలకి ఏది. వానాకాలం వెళ్లాక నల్లరేగడిలో మంచుకే పండే తెల్లజొన్న, శనగ, కుసుమల్ని అక్కడి ఆడవాళ్లు సత్యం పంటలు అంటారని కూడా రేడియో విన్నాకే తెలుసుకున్నాను. నీళ్లు పెట్టకపోయినా మాట తప్పవు కాబట్టి ఆ పేరు. ఇరవై ఏళ్లుగా పంటల మీద అప్పులిస్తూ, ఒక పొలం ఎలా ఆలోచిస్తుందో అన్నది నేను ఆ గడప మీద కూర్చునే తెలుసుకున్నాను. ఫారంలో గడి ఒకటే ఉంది, దాన్ని నేను మార్చలేను. కానీ తర్వాతి సీజన్ నుంచి ఆ రైతమ్మల చెలకలకి స్వయంగా వెళ్లి చూసి, రిమార్కుల్లో పంటలన్నీ రాయడం మొదలుపెట్టాను.

భాష గురించి చెప్పాలి. నాలాంటి కోస్తావాళ్లకి మొదటి పది రోజులు కష్టమే. కర్ణాటక సరిహద్దు, బీదర్ దగ్గర. తెలుగులో కన్నడం, ఉర్దూ కలిసిపోయి ఉంటాయి. రేడియోలో దాన్ని ఎవరూ దిద్దరు. ఇంట్లో ఎలా మాట్లాడతారో మైకులో కూడా అలాగే. నెల తిరిగేసరికి నాకు చెవి పట్టుబడింది. కౌంటర్ దగ్గర నాతో మాట్లాడ్డానికి మొహమాటపడే ఆడవాళ్లు, నేను తైదలు అన్నప్పుడు, సల్లారవెట్టాలె అన్నప్పుడు, మొహంలో మొహం పెట్టి మాట్లాడారు. మేం రాగులంటాం, వాళ్లు తైదలంటారు. నా నోటికి ఆ మాట అలవాటు చేసింది రేడియోనే.

సౌండు క్వాలిటీ గురించి అడిగేవాళ్లుంటారు. స్టూడియోలో మాట్లాడినవి శుభ్రంగానే ఉంటాయి. ఊళ్లకి వెళ్లి రికార్డు చేసినవాటిలో గాలి చప్పుడు, మేకల మెడగంటలు, పిల్లల ఏడుపు అన్నీ ఉంటాయి. నాకైతే అవి అడ్డం అనిపించలేదు. ఎవరి వాకిట్లో కూర్చుని పాడుతున్నారో కళ్లకి కట్టేది.

అందే దూరం మాత్రం తక్కువ. చట్టమే అలా ఉంది. కమ్యూనిటీ రేడియోకి మామూలుగా 100 వాట్ల శక్తి దాటకూడదు, స్తంభం 30 మీటర్లు దాటకూడదు. ఎఫ్ఎం తరంగం చూపు సాగినంత దూరమే వెళ్తుంది కాబట్టి పాతిక కిలోమీటర్లు అందితే గొప్ప. మధ్యలో గుట్ట అడ్డం వస్తే అదీ లేదు. బొంబాయి రోడ్డు మీద హైదరాబాద్ వెళ్తూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చాలాసార్లు చూశాను. జహీరాబాద్ దాటాక కాసేపటికి మాట సన్నబడి, గరగరలో కలిసిపోయేది. శక్తి ఇంత తక్కువ కాబట్టే ఒకే అంకెని దూరదూరంగా ఉన్న చాలా స్టేషన్లకి ఇచ్చారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ల బోల్ హైదరాబాద్ కూడా 90.4లోనే. ఒకే రోడ్డు మీద, ఒకే అంకె దగ్గర, ఈ చివర సజ్జ చేను, ఆ చివర కాలేజీ పిల్లలు.

సెట్టు విషయంలో ఒక జాగ్రత్త. నేను టౌనులో ఒక షాపులో చౌకగా వస్తోందని పాకెట్ రేడియో కొన్నాను. పెద్ద స్టేషన్లన్నీ బ్రహ్మాండంగా పలికేవి, 90.4 దగ్గరికొస్తే పక్క స్టేషన్ వచ్చి కూర్చునేది. మార్చమంటే మార్చలేదు. తక్కువ శక్తితో వచ్చే తరంగం పట్టాలంటే యాంటెన్నా బారుగా బయటికి లాగే రకం తీసుకోవాలి, ముల్లు తిప్పేటప్పుడు అంగుళం అంగుళం కదలాలి. ఆ రోజుల్లో కీప్యాడ్ ఫోన్లలో కూడా బాగా వచ్చేది, ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నాగా పనిచేసేది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఎఫ్ఎం లేదు. అటు వెళ్లేవాళ్లు ఒక మామూలు రేడియో, రెండు పెన్సిల్ సెల్లులు వెంట పెట్టుకుంటే మంచిది.

నాకు బాధ కలిగించిన విషయం ఒకటుంది, అది ఈ స్టేషన్ తప్పు కాదు. కమ్యూనిటీ రేడియో రాజకీయ వార్తలు, వర్తమాన వ్యవహారాలు సొంతంగా ప్రసారం చేయకూడదని నిబంధన. నేనున్న నాలుగేళ్లూ తెలంగాణ ఉద్యమం నడిచిన ఏళ్లు. ఏ అరుగు మీద చూసినా, ఏ బస్సెక్కినా అదే మాట. 2013లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి, ఊరంతా ఊగిపోయింది. చెట్టు కింద మా అవ్వా కోడళ్లూ తొమ్మిది దాటాక కూడా అవే మాట్లాడుకునేవాళ్లు. రేడియోలో మాత్రం ఆ మాట రాకూడదు. విత్తనం గురించి అంత లోతుగా మాట్లాడగలిగినవాళ్లు సర్పంచి గురించి మాట్లాడలేరా? ఊళ్లో పదవుల్లో ఉన్నవాళ్లని ఊరివాళ్లే మైకులో ప్రశ్న అడగగలిగితే ఎంత బాగుండేదో అని చాలా రాత్రులు అనుకున్నాను. గాలి ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పాక, అందులో ఏ మాట మాట్లాడాలో కూడా వాళ్లకే వదలాలి.

డబ్బు సంగతి ఇంకొకటి. 2006 నిబంధనల్లో గంటకి 5 నిమిషాలు ప్రకటనలు వేసుకోవచ్చన్నారు. తర్వాత దాన్ని పెంచుతూ వచ్చి, 2024లో 12 నిమిషాలు చేశారు. కానీ సొంత విత్తనం దాచుకోమని చెప్పే రేడియోలో విత్తనాల కంపెనీ ప్రకటన ఎలా వేస్తారు? నిమిషాలు పెంచితే సరిపోదు, ఇలాంటి స్టేషన్లకి ఎవరి దగ్గరా తల వంచక్కర్లేని ఆదరువు ఏదో ఉండాలి.

రెండు గంటలే కావడం కూడా నాకు తక్కువ అనిపించేది, పొద్దున పొలానికి వెళ్లే ముందు ఒక గంట ఉంటే బాగుండునని. అవ్వని అడిగితే, పొద్దున ఎవరింటరు బిడ్డా అంది. పని చేసుకునే మనుషుల వేళ చూసి పెట్టిన సమయం అది. నా కోరిక పక్కన పెట్టాను.

చివరిగా అవ్వ పాట సంగతి.

2012లోనో 2013లోనో సరిగ్గా గుర్తులేదు, ఎండాకాలం. రేడియో వాళ్లు ఇద్దరు ఆడవాళ్లు మా ఊరికొచ్చి పాటలు రికార్డు చేసుకుంటున్నారు. అవ్వకి ఇసుర్రాయి (తిరగలి) దగ్గర పాడే పాటలు చాలా వచ్చు. పెళ్లై అత్తారింటికి పోతున్న పిల్ల పుట్టింట్లో ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకునే పాట పాడింది. పాడమంటే ఊరికే పాడలేనని లోపలి నుంచి ఇసుర్రాయి తీయించింది. దాన్ని తిప్పుతూ, గుప్పెడు జొన్నలు పోస్తూ, ఆ రాయి చప్పుడుకే పాడింది. వచ్చినవాళ్లు మైకుని కాసేపు ఆమె నోటి దగ్గర, కాసేపు రాయి దగ్గర పట్టుకున్నారు. నేను ఆ రోజు బ్యాంకుకి ఆలస్యంగా వెళ్లాను.

వారం పది రోజుల్లో ఆ పాట ప్రసారమైంది. చెట్టు కింద ఆ రోజు పదిహేను మంది దాకా చేరారు. అవ్వ కూర్చోలేదు, రేడియో పక్కనే నిలబడి, చెట్టు మొదలు పట్టుకుని వింది. అయిపోయాక ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి అవ్వ తమ్ముడు దిగాడు. అరవై దాటిన మనిషి, మూడు ఊళ్ల అవతల ఉంటాడు. చెప్పులు విడవకముందే అడిగాడు: "అందర్ని జెప్పినవ్, సిన్న తమ్ముణ్ణి మర్షినవా అక్కా?"

పాటలో తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, అన్నలున్నారు, వదినలున్నారు, ఆవు ఉంది, బావి ఉంది. తమ్ముడి చరణం జారిపోయింది. అవ్వకి కూడా రాత్రే తెలిసింది, అందుకే మాట్లాడలేదు. ఆ రోజంతా ఆమె మనసు మనసులో లేదు. సాయంత్రం నేను రాగానే, "సారూ, రేడియోలకు ఫోన్ జెయ్యి, మల్ల రమ్మను" అంది. ఒక చరణం కోసం మళ్లీ రావడం కుదురుతుందో లేదో అని నేను కాస్త సందేహించాను. అయినా సంఘంలో ఒకామె ద్వారా కబురు పంపాం.

వాళ్లు వచ్చారు. మళ్లీ ఇసుర్రాయి తీశారు, మళ్లీ జొన్నలు పోశారు. అవ్వ మొదటి నుంచి పాట మొత్తం పాడింది, చరణం ఒక్కటే పాడితే అతికినట్టుంటుందని. ఆ పాట రెండోసారి వచ్చిన రాత్రి తమ్ముడు మా వాకిట్లోనే ఉన్నాడు. కండువా తీసి ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని విన్నాడు. తన చరణం రాగానే అవ్వ వైపు చూశాడు. అవ్వ రేడియో గొంతు కాస్త పెంచింది.